జేబెజ్ తన కుర్చీలను గుర్తుపట్టిన విధం

మా హై వికమ్ ఊళ్లో కుర్చీలు చేయనివాడు పాదిరీ ఒక్కడే. ఆయన వాటి మీద కూర్చునేవాడు. ఇంతమందిలోనూ మహాగని చెక్క మీద ఉలి పెట్టే అర్హత జేబెజ్ ట్రాంటర్‌దేనని అందరూ ఒప్పుకున్నారు, అతనితో సహా. చేసిన కుర్చీ మీద తన పేరు ముద్ర ఎక్కడా కొట్టడు. పనే చెబుతుందంటాడు.

పాత సామాన్ల వర్తకుడు క్రిస్ప్ నూటయాభై ఏళ్లనాటి ఆరు కుర్చీలు తెచ్చి, వాటికి జోడుగా జేబెజ్ చేత పాత చెక్కతో మరో రెండు చేయించుకున్నాడు. తర్వాత ఎనిమిదీ పాతవేనని డాక్టర్ లవ్‌డేకి అంటగట్టాడు. ఆ సంగతి తెలిశాక జేబెజ్ ఉలి పక్కన పెట్టేశాడు. ఆదివారం ప్రార్థనలో ముందు బల్ల మీద కూర్చునే మనిషి మరి.

"వెళ్లి చెప్పరాదూ? నోట్లో మేకులున్నాయా?" అంది భార్య హెస్టర్.

వెళ్లి చెప్పాడు.

"సరే, నువ్వు చేసినవి ఏవో చూపించు," అన్నాడు డాక్టర్. "సీటు మీది పట్టుబట్ట మాత్రం విప్పకు. విప్పావంటే మా ఆవిడ మనిద్దరి తోలూ ఒలుస్తుంది."

జేబెజ్ ఎత్తి చూశాడు, వాసన చూశాడు, బోర్లించి తడిమాడు. ఎనిమిదీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. అంత బాగా చేసినందుకు జీవితంలో మొదటిసారి తనను తాను తిట్టుకున్నాడు. మధ్యాహ్నానికి లోపాలు దొరికాయి: ఒకదాని వీపుపలక మీద చెక్కిన ఆకు వంకర, ఇంకోదాని కాలి చివర చెక్కిన పంజాకు ఒక గోరు మొద్దు. పూర్వులు తప్పు చేయరనీ, తప్పంటూ ఉంటే అది తమదేననీ మా పనివాళ్ల నమ్మకం.

"ఇవే నావి," అన్నాడు తలవంచుకుని.

"తీసుకుపో. నా కంట పడనీయకు."

ఇంటికి తెచ్చి, బాగుచేద్దామని పట్టు విప్పాడు. కింద నల్లబడిన చెక్క, తరాల నాటి మేకుల రంధ్రాలు, ఎవరో పాతకాలపు పనివాడు కొట్టుకున్న రెండు పొడి అక్షరాలు. రెండోదానికీ అవే.

"మరి నీవో?" అంది హెస్టర్.

"డాక్టరింట్లో ఉన్నాయి. దివ్యంగా ఉన్నాయి."

మర్నాడు ఆ రెండూ మోసుకుని మళ్లీ వెళ్లాడు.

"నిన్న నావన్నావు, నేడు కావంటున్నావు," అన్నాడు డాక్టర్. "ఏదీ, నాలుక చూపించు."

"ఈ అక్షరాలు చూడండి డాక్టరుగారూ!"

"అంత కుర్చీ చేసినవాడివి, రెండక్షరాలు కొట్టలేవా?"

ఆ ఆదివారం నుంచి జేబెజ్ వెనక బల్లకు మారాడు. మళ్లీ మోసుకొచ్చిన ఆ కుర్చీల మీద ఇంట్లో ఎవరూ కూర్చోరు. హెస్టర్ మాత్రం వంకర ఆకు మీది దుమ్ము తుడిచినప్పుడల్లా అంటుంది:

"ఈయనెవరో నీకంటే నయమయ్యా. పేరు కొట్టుకున్నాడు."