రెసిన్ విమానం, నాపరాయి దుమ్ము

నాన్నను తీసుకుపోయిన దగ్గు రాతిదుమ్ము వల్ల వచ్చిందేనా? ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

నిన్న వికారాబాద్‌లో మా బిడ్డ ప్లాస్టిక్ లాంటి రెసిన్ ముక్కలు అతికించి చేసే బొమ్మ విమానం కిట్ విప్పింది. ముక్కలన్నీ ఉన్నాయి కానీ ఒక రెక్క వంగింది, అంచులు గరుకుగా ఉన్నాయి. సాండ్‌పేపర్‌తో ఒక్కసారి రుద్దగానే బూడిదరంగు పొడి లేచింది.

తాండూరు దోస్తులూ, నాపరాయి కోసి ఇంటికొచ్చే మన నాన్నల దుమ్ము పట్టిన కనుబొమ్మలు గుర్తున్నాయా? అచ్చం అదే రంగు. నేను చొక్కా దులపబోతే నాన్న, "జర దూరం జరుగు బిడ్డా" అనేవాడు.

బిడ్డ చేతిలోంచి కిట్ పెట్టె లాక్కున్నాను.

"మాస్క్ పెట్టుకుంట, తడిపి రుద్దుత. గింత దానికి గంత ఫికరా అమ్మా?" అని నవ్వింది.

తను చెప్పింది నిజమే కావచ్చు. అయినా ఆ పెట్టె తిరిగి ఇవ్వాలో, దాచెయ్యాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.