ఎడమ మలుపుల జగ్గారావు

సాలిగ్రామపురం పోర్టు క్వార్టర్ల గేటు దాటిందంటే జగ్గారావు కారు ఎడమకే తిరిగేది. వెళ్ళవలసిన చోటు కుడి పక్కన ఉన్నా ఎడమకే. కుడికి ఒక్కసారి తిరగవలసిన చోట ఎడమకి మూడుసార్లు తిరిగితే అదే దారిలో పడతామన్న సత్యాన్ని ఆయన స్వయంగా కనిపెట్టి, రెండువేల ఒకటో సంవత్సరం పొడుగునా నిష్ఠగా ఆచరించాడు. ద్వారకా నగర్లో చెప్పులు కొనడానికి బయల్దేరిన కుటుంబం, చెప్పుల కొట్టు చేరేలోగా ఊళ్ళో ఉన్న బంధువుల ఇళ్ళన్నీ కారులోంచే చూసేసేది.

కారణం శాస్త్రీయమైనదే. ఆ తెల్ల మారుతీ ఎనభై ఎనిమిది మోడలు, సెకండ్ హ్యాండులో కొన్నది. ఎడమకి తిప్పితే మర్యాదగా తిరిగేది. కుడికి నిండా తిప్పితే మాత్రం ముందు చక్రం దగ్గర కటకటమని, ఎవరో కోపంతో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు. ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు చివర ఒక జాయింటు ఉంటుంది. చక్రం ఎటు మళ్ళినా దానితోపాటు తానూ మళ్ళుతూ తిప్పడం దాని ఉద్యోగం. అది అరిగిపోయింది. మరొకరైతే మార్పించేవారు. జగ్గారావు దానికి విశ్రాంతి ఇచ్చాడు.

ఆయన స్వభావమే అంత. పద్మనాభం దగ్గర పల్లెలో, కుంటుతున్న ఎద్దుని కాడికి కట్టని రైతు కొడుకు. పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఓడ కడుపులోంచి టన్నులకొద్దీ సరుకు పైకి లేపి, ఒడ్డున నిలబడ్డ లారీలోకి లారీకి తెలియకుండా దించగలడని పేరు. యంత్రం మూలిగితే ఆయన మొహం ముడుచుకుపోయేది. వంటింట్లో మిక్సీ గట్టిగా అరిస్తే లేచి వెళ్ళి దాని మీద చెయ్యి వేసేవాడు. అది ఊరుకునేది కాదు గానీ, ఆయన మనసు కుదుటపడేది.

భార్య గౌరీశ్వరి ఆయనకి మేనమామ కూతురు. చిన్నప్పుడు "బావా" అని పిలిచిన పిలుపును పెళ్ళయ్యాక మార్చుకోవడానికి ఆమెకు తగిన కారణం కనపడలేదు. ఇంట్లో గ్రైండరు పెట్టి, ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలుండే ఒక హాస్టలుకి ఇడ్లీ పిండి వేసేది. పిండి డబ్బాలు తెల్లవారకముందే అక్కడి వంటగదికి చేరాలి. జగ్గారావుకి నైట్ డ్యూటీ పడితే ఆటోయే దిక్కు. ఆటో గోతిలో పడ్డప్పుడల్లా పిండిలో కొంత భాగం సీటు తినేది. ఇలా సీట్లు బలుస్తూ పిల్లలు చిక్కుతూ ఉండగా, హాస్టలు మేనేజరు శ్రీరామ్మూర్తి మర్యాదగానే ఒక మాట చెప్పాడు. నెలాఖరు దాకా చూస్తాను, అప్పటికీ ఇలాగే వస్తే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను అన్నాడు.

"కారు గుమ్మంలోనే ఉంది కదేటి. డ్రైవింగు నాను నేర్సుకుంటాను," అంది గౌరీశ్వరి.

జగ్గారావు నేర్పాడు. క్వార్టర్ల వెనక మైదానంలో, ఓర్పుగా, ఒక్కసారైనా గొంతు పెంచకుండా, క్లచ్చూ గేరూ బ్రేకూ అద్దమూ హారనూ అన్నీ నేర్పాడు. ఆమె బాగా పట్టుకుంది. లెర్నింగ్ లైసెన్సు వచ్చింది. అసలు టెస్టు నెలాఖరు ముందు మంగళవారానికి పడింది.

ఆ ముందు శనివారం గౌరీశ్వరి అన్న ఎల్లారావు భోజనానికి వచ్చాడు. అతనికి ఆటోనగర్లో కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. చేపల పులుసు వడ్డిస్తూ ఆమె అడిగింది:

"టెస్టులో ఏటి సేయిస్తారన్నయ్యా?"

"ఏటుంది? బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎనిమిదెయ్యమంటాడు. ఏసేసి వచ్చీడమే."

జగ్గారావు చేతిలో ముద్ద ఆగిపోయింది. కంచంలో పులుసు మీద వేలితో ఎనిమిది గీయడం మొదలుపెట్టాడు. ఎడమ చుట్టు అందంగా వచ్చింది. నడుము దాటి రెండో చుట్టులో అడుగుపెట్టగానే వేలు నిలిచిపోయింది.

"ఇందులో కుడి ఉందేటి?"

"ఎనిమిదన్నాక ఉండదేటి బావ? సగం కుడే."

"సున్నా ఎయ్యనివ్వరా?"

"సున్నా ఎయ్యడానికి లైసెన్సెందుకు బావ?"

గౌరీశ్వరి గరిటె గిన్నెలో పెట్టేసింది. "బావా! నాకు నువ్వు ఒక్కరోజు కూడా కుడికి తిప్పించలేదు."

"తరవాతి పాఠం అనుకున్నానే."

"ఎప్పుడు? ఇన్‌స్పెక్టరు పక్కనొచ్చి కూసున్నాకా?"

విషయం మొత్తం బయటపడింది. ఎల్లారావు నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళు తాగి, పొలమారి, తేరుకుని అన్నాడు: "రేపు బండి షెడ్డుకి తెచ్చీ బావ. ఊడబీకి కొత్తవి ఎట్టేత్తాను."

"ఎడమలతో ఆటోనగర్ రాలేను ఎల్లారావూ. నాను ఎప్పుడో లెక్కేసేను. కుదర్దు."

అందువల్ల వైద్యుడే రోగి దగ్గరికి వచ్చాడు. ఆదివారం పొద్దున్నే ఎల్లారావు సామాన్ల సంచీతో, రెండు పక్కలకీ రెండు కొత్త జాయింట్లతో, రబ్బరు తొడుగులతో, గ్రీజు ప్యాకెట్లతో దిగాడు. జగ్గారావు కుడి చక్రం పక్కన చాప వేశాడు.

"అటేటి బావ? కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడతాది. అరిసీది అదే."

"పాపం, ఇన్నాళ్ళూ నాను దీన్ని అనుమానించేను," అని జగ్గారావు కుడి చక్రాన్ని ఒకసారి తట్టి, చాప ఎడమకి మార్చాడు.

చక్రం మధ్యనున్న పెద్ద నట్టు విప్పాలంటే చక్రం కదలకూడదు. గౌరీశ్వరి డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టింది. స్పానరుకి ఇనుప గొట్టం తొడిగి బావా బావమరదులిద్దరూ దాని మీద వేలాడారు. నట్టు చాలాసేపు ఆలోచించి, చివరికి ఫట్‌మంది. జగ్గారావు "అయ్యో" అన్నాడు, నట్టునుద్దేశించి.

తరవాతి సంకటం గేరాయిలు. ఇరుసు లాగితే గేరుబాక్సులోంచి నూనె కారుతుంది, ముందే దింపాలి. జగ్గారావు ఇంట్లోకి వెళ్ళి, చేతికందిన వెడల్పాటి స్టీలు బేసిను తెచ్చి కింద పెట్టబోయాడు.

"అది పిండి బేసిను!" బ్రేకు మీదినుంచి కాలు తీయకుండానే గౌరీశ్వరి అరిచింది. "అందులో నూనె పడితే హాస్టలు పిల్లలు ఇడ్లీ తిని స్టార్టయిపోతారు. పాత బకెట్టు తే!"

ఇరుసు బయటికొచ్చింది. దాని చివర జాయింటుని సుత్తితో కొట్టి ఊడదీయాలి. ఎల్లారావు సుత్తి ఎత్తగానే, జగ్గారావు తన తుండుగుడ్డ మడతపెట్టి అడ్డం పెట్టాడు.

"మెల్లగా కొట్టరా."

"మెల్లగా కొడితే వచ్చీదా? సెవిలో సెప్తే వచ్చీస్తాదేటి బావ?"

రెండో దెబ్బకి వచ్చింది. తొడుగు ఎప్పుడో చిరిగి, గ్రీజు కారిపోయి, ఆ స్థానంలో బీచి ఇసుక కాపురం పెట్టింది. లోపలి ఉక్కు గుండ్లు గుంటలు పడి, పుప్పిపళ్ళలా ఉన్నాయి. ఎల్లారావు ఒక గుండుని అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇది సచ్చి శానా కాలమయిపోనాది బావ. నువ్వు శవానికి సేవ సేసినావు."

జగ్గారావు కొత్త జాయింటులోకి గ్రీజు మాత్రం తనే, చంటిపిల్లకి తలంటినట్టు, సందు సందులోకీ పట్టించాడు. అది ఇరుసు మీద టక్కున కూర్చున్నప్పుడు ఆయన మొహంలో ఒక ఓడ నిండా సరుకు క్షేమంగా దించిన తృప్తి కనపడింది. మధ్యాహ్నానికి రెండో పక్కదీ అయింది. కొత్త ఆయిలు పోశారు. ఎల్లారావు కడుపునిండా తిని బస్సెక్కాడు.

సాయంత్రం మైదానంలో గౌరీశ్వరి స్టీరింగు పట్టుకుంది. "కుడికి తిప్పు," అన్నాడు జగ్గారావు. కారు గంభీరంగా ఎడమకి తిరిగింది.

"నా సేతులికి కుడి తెల్దు బావా."

మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి కాస్త కుడికి మళ్ళింది. మళ్ళగానే జగ్గారావు కళ్ళు మూసుకుని, భుజాలు చెవులదాకా ఎత్తి, లేని చప్పుడుకి మొహం ముడుచుకున్నాడు. ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళి స్టీరింగుని వెనక్కి లాగింది. ఇలా ఒకసారి కాదు, ప్రతిసారీ. సోమవారం సాయంత్రం కూడా అదే తంతు. తెల్లారితే టెస్టు. గౌరీశ్వరి కారు ఆపింది.

"బావా, నువ్వు దిగు."

"బండి బాగానే ఉంది కదే."

"బండి బాగానే ఉంది. అరిగిపోయింది నువ్వు. దిగు."

దిగాడు. ఆమె మైదానం మధ్యన ఖాళీ నీలం డ్రమ్ము ఒకటి దొర్లించి నిలబెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని దాన్ని కాసేపు చూసింది.

"సింహాచలంలో దేవుడి సుట్టూ ఎటు తిరుగుతాం?"

"కుడికి. ప్రదక్షిణం కదా."

"అయితే నా కాళ్ళకి కుడి తెలుసు. సేతులికే నేర్పాలి."

ముందు ఆ డ్రమ్ముకి కాలినడకన ప్రదక్షిణం చేసింది. తరవాత కారెక్కి అదే దారిన తిరిగింది. మొదట డ్రమ్ముకి దూరంగా, వణుకుతూ. పోనుపోను దగ్గరగా, చుట్టు బిగిస్తూ. క్వార్టర్ల కిటికీల్లోంచి చూసిన ఆడవాళ్ళు ఈ కొత్త మొక్కేమిటో అర్థంకాక ఒకరినొకరు అడిగారు. జగ్గారావు గోడవైపు తిరిగి నిలబడి వింటున్నాడు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. చీకటి పడేవేళకి ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

మంగళవారం టెస్టు మైదానంలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుని, "ఎనిమిది వెయ్యమ్మా," అన్నాడు. ఎడమ చుట్టు ఆమె పుట్టుకతో వచ్చినట్టు వేసింది. నడుము దగ్గర కారు ఒక్క క్షణం నిదానించింది. బయట నిలబడ్డ జగ్గారావు ఊపిరి కూడా నిదానించింది. స్టీరింగు కుడికి తిరిగింది, ఇంకా తిరిగింది, నిండా తిరిగింది. కారు నోరు మెదపకుండా చుట్టు పూర్తిచేసి, బయల్దేరిన చోటే ఆగింది.

ఇన్‌స్పెక్టరు దిగి కాగితం మీద సంతకం పెడుతూ, "కుడి మలుపు బాగా తిప్పారు. సాధారణంగా అందరూ అక్కడే తడబడతారు," అని, జగ్గారావు వైపు చూశాడు. "నేర్పింది మీరేనా?"

జగ్గారావు అబద్ధం ఆడే మనిషి కాదు. చేతులు కట్టుకున్నాడు.

"ఎడమ నాను సార్. కుడి ఆవిడే నేర్సుకుంది."

గౌరీశ్వరి హారను కొట్టింది. "ఎక్కుతావా బావా? పప్పు నానబెట్టాలి. రేపటినుంచి ఆటో లేదని శ్రీరామ్మూర్తిగారికి సెప్పాలి."

జగ్గారావు అలవాటుకొద్దీ కుడివైపు తలుపు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ మనిషి ఉంది. కారు ముందునుంచి చుట్టి వచ్చి, రేపటినుంచి పిండి డబ్బా ఉండబోయే సీట్లో కూర్చున్నాడు.