తలపుకొక గింజ
ఆళ్లగడ్డ హైస్కూల్లో తెలుగు చెప్పే చెన్నకేశవులు సారు చంకలో అట్ట ఊడిన నోట్సు లేనిదే అడుగు వెయ్యరు. ఇరవై రెండేళ్లుగా 'వాన' మీద వ్యాసమంటే ఆ నోట్సులోదే. ఆయన చదువుతారు, పిల్లలు రాసుకుని బట్టీ పడతారు. తొంభై ఎనిమిదిలో గీతాంజలి టీచరు కొత్తగా వచ్చింది. ఆమె పిల్లల్ని ముందు పెన్ను ముట్టనివ్వదు, తలా గుప్పెడు చింతగింజలిస్తుంది. తోచిన ప్రతి సంగతికీ ఒక గింజ పెట్టాలి, వాటిని వరసగా పేర్చుకున్నాకే రాయాలి. నంద్యాల వ్యాసరచన పోటీలో బహుమతి ఆమె క్లాసుకే వచ్చింది. "గింజలాడిస్తే చదువొస్తాదా అప్పా?" అని సారు స్టాఫు రూములో నవ్వారు గానీ, ఆ పూట టీ సగం తాగి వదిలేశారు.

ఆదివారం మధ్యాహ్నం భార్య ఓబులమ్మ చింతపండులో గింజలు తీస్తుంటే పక్కన కూర్చున్నారు. వాన అనుకుని, నోట్సు చూడకుండా ఒక గింజ పెట్టారు. మేఘాలు. ఇంకోటి, పంటలు. మూడోది, చెరువులు. అక్కడితో చెయ్యి ఆగిపోయింది.

"ఏందీ ఈ ఆట?" అంది ఓబులమ్మ. విసుక్కుంటూనే చెప్పారు. బడి మొహం చూడని ఆమె తనూ గింజలు పెట్టసాగింది.

"కల్లంలో తడిసిన శెనక్కాయలు. దండెం మింద మూడునాళ్లయినా ఆరని పంచె. వానకు ముందు మన బర్రె అరిసే అరుపు. ఇంకా చెప్పాల్నా?"

గీతాంజలి పేరు వింటే రేగే కుళ్లే ఇప్పుడు భార్యను చూస్తున్నా రేగింది. ఆమె చింతపండు వైపు తిరగ్గానే, ఆమె గింజల్లో రెండింటిని మెల్లగా తన వరసలోకి లాక్కున్నారు.