ఆలివ్ మొద్దు మీద పచ్చి బెరడు

కాలిఫోర్నియా కొండవాలులో తనంతట తాను మొలిచిన ఆలివ్ చెట్టు అది. స్థలం యజమాని అనుమతితో తవ్వి తీసినాయన దగ్గర కొన్నాను. టెక్సస్‌లోని ప్లేనోలో మా అద్దె ఇంటి పెరట్లో, పెద్ద కుండీలో అది బాగా వేరూనుకున్నాక, ఎండిన భాగాన్ని చెక్కి బోన్సాయ్‌గా మలచడానికి సిద్ధమయ్యాను.

మొద్దు నా తొడంత లావు. సగానికి పైగా ఎండు కొయ్య. బతికి ఉన్నదల్లా వేరు నుంచి పైకి పాకే ఒక బెరడు పట్టీ. కుడివైపు కొమ్మకు నీరు అందేది దాని గుండానే. చెట్టుకు ఉన్న కొమ్మ అదొక్కటే. అది పోతే కుండీలో మిగిలేది కట్టె.

ఎండిన చోట కూడా పాత బెరడు అంటుకునే ఉంది కాబట్టి చూపుకు తేడా తెలియదు. గోటితో గీకితే కింద పచ్చగా కనిపించాలి. మొదలు దగ్గర, నడుమ, కొమ్మ కింద గీకాను. మూడూ పచ్చే. మూడింటినీ సుద్దతో కలిపి, అటూ ఇటూ రెండు వేళ్ల వెడల్పు వదిలి, తక్కినదంతా ఎండుకొయ్య అని తీర్మానించాను. మూడు బిందువులు కనిపిస్తే గీత గీయకుండా ఉండలేని చదువు నాది.

శనివారం పొద్దున కొయ్య చెక్కే గ్రైండర్ ఆన్ చేశాను. రజను తెల్లగా, పొడిగా ఎగిరింది. కొమ్మకు కాస్త కింద, గీతకు బాగా దూరంలో, ఉన్నట్టుండి తడిగా ముద్దకట్టింది. ఆపి చూస్తే గాడి అంచున పచ్చదనం. నేను గీకిన రెండు చోట్ల మధ్య పట్టీ పక్కకు మెలి తిరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది.

కాఫీతో బయటికొచ్చిన రూమ్మేట్, వరంగల్ వాడు, నాలాగే సాఫ్ట్‌వేర్, నా మొహం చూసి ఆగాడు.

"ఏమైందిరా, వేలు గిట్ల తెగిందా?"

"వేలైతే బాగుండు. బతికున్న బెరడు కట్ చేశా."

"మొత్తమా?"

"తెలీట్లేదు."

"డైరెక్ట్ ప్రొడక్షన్ల టెస్ట్ చేసినవన్నట్టు. రోల్‌బ్యాక్ జేసి ఎన్కకు తెచ్చుడు ఉంటదా?"

"నోర్మూసుకుని ఆ పేస్ట్ ఇలా ఇవ్వు."

చెట్ల గాయాలు మూసే ఆ పేస్ట్ పూసి, ఇద్దరం కుండీని నీడకు జరిపాం. ఎంత మిగిలిందో గీకి చూడాలనిపించింది. ఉన్న కాస్తా పాడుచేస్తానేమోనని మానేశాను.

రోజూ ఆఫీస్‌కి వెళ్లే ముందు ఆకులు పట్టి చూసేవాణ్ణి. ఆలివ్ ఆకు కొమ్మ చచ్చాక కూడా కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. అందుకే పచ్చదనం చూసి సంతోషించలేకపోయాను. చిగురు వస్తేనే నమ్మకం.

కొన్ని వారాలకు ఒక ఉదయం, నీళ్లు పెడుతున్న రూమ్మేట్ కేకేశాడు.

"అరేయ్, ఇటు రా! నీ కట్టెకు మొటిమలొచ్చినయ్."

గాడికి పైన, కొమ్మ పొడవునా, ఆవగింజంత మొగ్గలు జంటలు జంటలుగా. అవతలి అంచున మిగిలిన బెరడు సరిపోయిందన్నమాట.

"మళ్ల చెక్కుతవా?"

"ఈ ఏడు ముట్టుకోను."

"మంచిగైంది. శనివారాలు నిద్రవోతా."

పెరటి మెట్టు మీద కూర్చుండిపోయాను. మీటింగ్ మొదలైందని ఫోన్ మోగుతున్నా కాసేపు తీయలేదు.