ఎర్ర బిళ్లల గది

అల్మాస్‌గూడ కాలనీల మధ్య ఉన్న ఆ ప్రైవేటు స్కూల్లో యాదలక్ష్మికి కోపిష్టి టీచరని పేరు. పిల్లల మీద ఆమె ఎన్నడూ చెయ్యెత్తలేదు. కోపమంతా పెద్దవాళ్ల మీదే. వాన కారే గదికి రేకులు ఎప్పుడు మారుస్తారని స్టాఫ్ మీటింగులో లేచి అడిగేది ఆమె ఒక్కతే. ఆమె లేవగానే మిగతావాళ్లు తలలు వంచుకుని ఫోన్లు చూసుకునేవారు.

ఆమెది నకిరేకల్ దగ్గర పల్లె. మూడో తరగతికొచ్చినా ఒత్తులు చదవడం రాలేదు. బడిలో పంతులు ‘ఇది మొద్దు’ అని తేల్చేసి వెనక కూర్చోబెట్టాడు. ఏడో తరగతి దాకా చదివిన మేనత్త ఒక వేసవంతా రోజూ పొద్దున్నే పొలానికి పోయే ముందు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ‘నిన్న చెప్పింది చూడకుంట చెప్పు’ అనేది. చెప్పలేకపోతే తిట్టకుండా మళ్లీ చూపించేది. బడి తెరిచేసరికి యాదలక్ష్మి పుస్తకం గడగడా చదివింది. పంతులు ఆశ్చర్యపోయాడే గానీ తన మాట వెనక్కి తీసుకోలేదు. ఆ సంగతి ఆమె ఇప్పటికీ పళ్లు బిగించే చెబుతుంది.

నల్లగొండలో డి.ఎడ్. చేసి, పెళ్లయ్యాక ఎల్బీనగర్ వచ్చింది. భర్త జగన్ కొత్తపేటలో బైకులు బాగుచేస్తాడు. ఎల్బీనగర్‌లోనే ఒక సందులో కిరాయికుంటారు.

స్కూలు యజమాని బాల్‌రాజ్‌ది ఆ ఊరి పాత కుటుంబమే. ఒకప్పుడు వాళ్ల జొన్నచేలు ఉన్న చోటే ఇప్పుడు స్కూలుంది. మనిషి చెడ్డవాడేమీ కాదు. పక్క కాలనీలో ఇంకో స్కూలు వస్తుందంటే మాత్రం నిద్రపట్టదు. ఆ భయంలోనే ఒక జూన్‌లో వెంకటేశ్వరరావు అనే ట్రైనర్‌ని తీసుకొచ్చాడు. విజయవాడ వైపు మనిషి, చాలా ఏళ్లుగా నాగోల్‌లో ఉంటున్నాడు. మెత్తగా, నవ్వుతూ మాట్లాడతాడు.

“ప్రతి బిడ్డకీ ఒక అభ్యసన శైలి ఉంటుందండి,” అన్నాడు తెర మీద రంగుల బొమ్మ చూపిస్తూ. “కొందరు కళ్లతో నేర్చుకుంటారు, కొందరు చెవులతో, కొందరు చేతులతో. మనం అందరికీ ఒకటే దారిలో చెబుతున్నాం కాబట్టే సగం మంది వెనకబడిపోతున్నారు. ఒక చిన్న టెస్ట్ పెడితే ఎవరి దారేంటో తెలిసిపోతుందండి.”

యాదలక్ష్మి లేచింది. “సార్, తెలంగాణ పటం చెప్పేటప్పుడు చెవుల పిల్లలకు పటం చూపెట్టొద్దా?”

“చూపించొచ్చండి. కానీ ముఖ్యంగా వినిపించాలి.”

“మరి పద్యం రాగం కళ్ల పిల్లలకు ఎట్ల చూపెట్టాలె? పటం ఎవలకైనా చూస్తెనే అర్థమైతది. పద్యం వింటెనే పట్టుబడ్తది. అది పాఠాన్ని బట్టి ఉంటది గని పిల్లను బట్టి ఎట్ల ఉంటది సార్?”

వెనక ఎవరో నవ్వారు. వెంకటేశ్వరరావు కూడా నవ్వాడు. “మేడమ్‌గారు పాత పద్ధతికి అలవాటు పడ్డారు. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న విషయమండి.”

డి.ఎడ్.లో అభ్యసన సిద్ధాంతాలన్నీ బట్టీ కొట్టి పాసైన ఆమెకు ఆ ‘ప్రపంచమంతా’ అన్న మాట మీద నమ్మకం కుదరలేదు. ఇంటికెళ్లి ఫోనులో వెతికి చదివింది. పిల్లల ఇష్టాలు వేరువేరుగా ఉండటం నిజమే. కానీ ఎవరికి ఇష్టమైన దారిలో వాళ్లకు చెబితే ఎక్కువ నేర్చుకుంటారా అని పరిశోధకులు పరీక్షించి చూస్తే, అవునని చెప్పగల గట్టి ఆధారం దొరకలేదు. మర్నాడు అదే బాల్‌రాజ్‌కు చెప్పింది.

“మేడమ్, పేరెంట్స్‌కు మస్తు నచ్చింది గిది. అడ్మిషన్లకు వచ్చినోళ్లంత గదే అడుగుతున్నరు,” అన్నాడు బాల్‌రాజ్. “మీరు జర సైలెంట్ ఉండుర్రి.”

టెస్టు పెట్టారు. ప్రశ్నపత్రం ఇంగ్లిషులో ఉంది. చదవగలిగినవాళ్లు చదివి టిక్కులు పెట్టారు. చదవలేనివాళ్లు కాసేపు అటూ ఇటూ కదిలి, పెన్సిలు నమిలి, పక్కవాణ్ణి గిల్లారు. ట్రైనర్‌తో వచ్చిన అమ్మాయిలు కుదురుగా కూర్చోలేకపోయిన వాళ్లందరినీ ‘చేతుల పిల్లలు’ అని రాసుకున్నారు. మర్నాడు కళ్ల పిల్లలకు నీలం బిళ్ల, చెవుల పిల్లలకు పసుపు బిళ్ల, చేతుల పిల్లలకు ఎర్ర బిళ్ల జేబుకు తగిలించారు. బాల్‌రాజ్ మనవరాలు పల్లవి నాలుగో తరగతి. ఆ పిల్లకూ ఎర్ర బిళ్లే వచ్చింది. ఆ మరుసటి పొద్దున ప్రేయర్‌లో యాదలక్ష్మి చూసేసరికి పల్లవి జేబు మీద నీలం బిళ్ల ఉంది. ఎందుకు మారిందని ఎవరూ అడగలేదు.

మూడు, నాలుగు తరగతుల ఎర్ర బిళ్లల పిల్లలందరినీ పైఅంతస్తులోని రేకుల గదిలో వేశారు. వాళ్లకు మట్టి బొమ్మలు, డ్యాన్సు, ఆటలు. పుస్తకం వీలైనంత తక్కువ. ఆ గదిని యాదలక్ష్మికే ఇచ్చారు.

మొదటి రోజే ఆమె తెలుగు వాచకం తీయించింది. భావన అనే నాలుగో తరగతి పిల్ల లేచి, బొమ్మ వంక చూసి, “అవ్వ కూరగాయలు తెచ్చింది,” అని చదివింది. పుస్తకంలో ఉన్న వాక్యం ‘అత్త సంతకు వెళ్లింది’.

“బొమ్మ కాదు బిడ్డా, అక్షరాలు చూసి చదువు,” అంది యాదలక్ష్మి.

భావన పుస్తకం మూసి, జేబు మీది బిళ్ల చూపించింది. “నేను చేతుల పిల్లను మేడమ్. నాకు సదువు రాదు. నా మెదడు గట్లనే ఉంటదంట.”

ఏ భయమూ సిగ్గూ లేకుండా, తన పేరు చెప్పినట్టు చెప్పింది. యాదలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. తనను పంతులు మొద్దు అన్న మాట వినడానికైనా మోటుగా ఉండేది. వీళ్లు అదే మాటకు రంగు పూసి, పిల్ల చేతే చెప్పిస్తున్నారు.

భావన సంగతి తెలుసుకోవడం కష్టమేమీ కాలేదు. ఒకటో తరగతిలో కూర్చోవాల్సిన పిల్ల కరోనా వల్ల చాలా నెలలు ఇంట్లోనే ఉంది. పాఠాలు ఫోనులో వచ్చేవి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి మహేందర్‌తో ఆటోలో తిరిగేది. బడి తెరిచాక గుణింతాలు, ఒత్తులు మళ్లీ ఎవరూ చెప్పలేదు. పై తరగతికి తోసేశారు. గదిలో చాలామంది కథ దాదాపు అదే.

“అందరూ బిళ్లలు తీసి బ్యాగుల పెట్టుర్రి,” అంది యాదలక్ష్మి.

ఆ రోజు నుంచి ఆ గదిలో చదువు మొదలైంది. అక్క, అత్త, అమ్మ, అయ్య, అవ్వ, తమ్ముడు. ఇంట్లో పిలిచే పిలుపుల్లోనే బోలెడు ఒత్తులు ఉన్నాయని చూపించింది. నోటితో రోజూ అంటున్న మాట బోర్డు మీద ఎలా ఉంటుందో చూసి పిల్లలు నవ్వుకున్నారు. పొద్దున రాగానే పుస్తకాలు మూయించి నిన్నటి పాఠంలో ఏం గుర్తుందో అడిగేది. ముందు ఎవరికీ ఏదీ గుర్తుండేది కాదు. ఇద్దరిద్దరిని జతచేసి, తనకొచ్చింది పక్కవాళ్లకు చెప్పమనేది. చెప్పబోయి తడబడినవాళ్లకు తమకేం రాదో తమకే తెలిసేది. మట్టినీ ఆమె పారెయ్యలేదు. భిన్నాలు చెప్పేటప్పుడు మట్టితో రొట్టెలు చేయించి, సగం, పావు కోయించింది. మట్టి పనికొచ్చే పాఠానికి మట్టి, చదవడానికి అక్షరం.

దసరా సెలవుల లోపు భావన చిన్న వాక్యాలు కూడబలుక్కుని చదవసాగింది. తర్వాత ఒక వారం వాచకం తేవడం మానేసింది. అడిగితే, “అమ్మ వద్దన్నది,” అంది.

భావన తల్లి సంధ్యారాణి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం యాదలక్ష్మి అక్కడికే వెళ్లింది. కస్టమర్లు విప్పి పడేసిన చీరలు మడత పెడుతూనే సంధ్యారాణి మాట్లాడింది.

“బాల్‌రాజ్ సార్ ఫోన్ చేసిండు మేడమ్. మీరు పిల్లకు ప్రెషర్ పెడుతున్నరంట. మా ఇంట్ల ఎవ్వలకు సదువు అంటలే. నాకు రాలే, వాళ్ల నాయనకు రాలే. చేతుల పనే మాకు రాసిపెట్టి ఉన్నది. ఇన్నేండ్లకు పిల్లను తిట్టకుంట మంచిగ మాట్లాడిండ్రు. మీరెందుకు కష్టపెడుతున్నరు?”

యాదలక్ష్మికి నోటిదాకా వచ్చిన కోపం ఈ తల్లి మీద కాదు. అది తెలిసి కూడా గొంతు తగ్గలేదు. “రాసిపెట్టింది ఎవలు సంధ్యా? ఆ సారా? నీ బిడ్డకు చదువు రాక కాదు. మేం చెప్పలే. చెప్పనిది మేము, పేరు పిల్లకు పెట్టిండ్రు. ఆయన మనవరాలికి కూడ ఎర్ర బిళ్లే వచ్చింది. తెల్లారేసరికి నీలం చేసిండ్రు. ఆ పిల్లను ఎవ్వలన్న చదవొద్దన్నరా?”

సంధ్యారాణి చేతులు ఆగిపోయాయి. “నిజమా మేడమ్?”

“నా కండ్లతోని చూసిన.”

సంధ్యారాణి చీర మడత పూర్తి చేసి అరలో పెట్టింది. సోమవారం భావన బ్యాగులో వాచకం ఉంది.

బాల్‌రాజ్ ఒకసారి హఠాత్తుగా పైకి వచ్చి, పిల్లలు నేల మీద జంటలుగా కూర్చుని చదవడం చూశాడు. “ఏంది మేడమ్ గిది? యాక్టివిటీ ఏది?” అన్నాడు.

“గిదే యాక్టివిటీ సార్. ఆలోచిస్తున్నరు.”

“తల్లిదండ్రుల మీటింగ్‌ల గీళ్లతోని డ్యాన్సు పెట్టియ్యాలె. గా పని చూడుర్రి.”

మీటింగు డిసెంబరులో స్కూలు ఆవరణలోనే జరిగింది. షామియానా కింద కుర్చీలు నిండాయి. నీలం బిళ్లల పిల్లలు ఇంగ్లిషులో ఉపన్యాసాలు చెప్పారు. పసుపు బిళ్లలవాళ్లు పాటలు పాడారు. ఎర్ర బిళ్లల పిల్లలు రంగు బట్టలేసుకుని ఆడారు. చప్పట్లు బాగానే పడ్డాయి. బాల్‌రాజ్ మైకు అందుకుని, “అందరు సదువుకోవాలని లేదు. గీ పిల్లల టాలెంట్ చేతులల్ల ఉన్నది. మనం దాన్ని గుర్తుపట్టినం,” అన్నాడు.

ఆడవాళ్ల వరసలోంచి సంధ్యారాణి లేచింది. షాపు యూనిఫాం చీరలోనే వచ్చింది. “సార్, మా పిల్ల నాలుగో తరగతి. ఇంగ్లిష్ మీడియం అని ఏసినం. దానికి చదువుడు ఎప్పుడు నేర్పిస్తరు?”

“అమ్మా, మీ పిల్ల స్టైల్ వేరు,” అన్నాడు పక్కన కూర్చున్న వెంకటేశ్వరరావు మెల్లగా. “బలవంతం చేస్తే దెబ్బతింటుందండి.”

“మరి మీ మనవరాలి ఎర్ర బిళ్ల ఎట్ల నీలమైంది సార్?” అంది సంధ్యారాణి బాల్‌రాజ్ వైపే చూస్తూ.

బాల్‌రాజ్ టీచర్ల వరస వంక చూశాడు. ఎవరు చెప్పి ఉంటారో వెతుక్కోవలసిన అవసరం లేకుండా యాదలక్ష్మి తనే లేచి నిలబడింది.

“నేనే చెప్పిన సార్. తప్పయితే కాదనుర్రి.” ఆమె పైగది వైపు చెయ్యి చూపించింది. “మనవరాలికి ఎర్ర బిళ్ల వస్తె టెస్టు తప్పని మీకు తెలిసింది. గీ పిల్లలకు వస్తె టెస్టు కరెక్టని ఎట్ల తెలిసింది? పైగదిల ఉన్నోళ్లంత చదువు రానోళ్లు. ఎందుకు రాలేదంటె, మనం చెప్పలే. మన పని మనం చెయ్యకుంట, అది పిల్లల మెదడుల లోపమని అంటున్నం. చేతుల్ల టాలెంటంట. చేతులల్ల టాలెంట్ ఉన్నోళ్లు చదవొద్దా సార్? బ్యాంకుల కాగితం పెడితె ఎవలతోని చదివించుకోవాలె?”

బాల్‌రాజ్ మైకు కింద పెట్టాడు. వెంకటేశ్వరరావు మొహాన నవ్వు అలాగే ఉంది కానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుగా ఉంది. వెనక వరసల్లో తండ్రులు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. “మా పోరనికి కూడ ఎర్రదే ఇచ్చిండ్రు, ఏంది లెక్క?” అని ఒకరు, “మాకు చెప్పకుంట సెక్షన్లెందుకు మార్చిండ్రు?” అని ఇంకొకరు. మీటింగు అక్కడితో ఆగిపోయింది.

సాయంత్రం బాల్‌రాజ్ ఆఫీసు గదిలోకి పిలిచాడు. “రేపటి సంది రావద్దు మేడమ్. ఇజ్జత్ తీసిండ్రు.”

“మీ ఇజ్జత్ గురించి నేనేం మాట్లాడలే సార్. పిల్లల గురించే మాట్లాడిన.”

“నా మనవరాలు నా ఇష్టం.”

“గా మాట గా తల్లులు కూడ అనొచ్చు గద,” అని బయటికొచ్చింది. సంచి సర్దుకుంటుంటే తోటి టీచర్లలో ఒకరిద్దరు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. షామియానా కింద వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదన్న సంగతి మనసులో ఉంది కాబట్టి ఆమె చెయ్యి విడిపించుకుని సంచి భుజాన వేసుకుంది.

తల్లిదండ్రులు కొద్దిరోజులు గేటు దగ్గరికి వస్తూ పోతూ గొడవ చేశారు. నెల తిరక్కుండా బిళ్లలు మాయమయ్యాయి. ఎందుకు తీశారో ఎవరికీ చెప్పలేదు. రేకుల గది ఖాళీ అయి, పిల్లలు తిరిగి తమ తమ సెక్షన్లలో, వెనక బెంచీల్లో కూర్చున్నారు. వాళ్లకు విడిగా చదవడం నేర్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వెంకటేశ్వరరావు ఇంకో స్కూల్లో అదే తెర మీద అదే రంగుల బొమ్మ చూపిస్తున్నాడని తర్వాత తెలిసింది.

సంధ్యారాణి వేసవిలో భావనను సర్కారు బడిలో చేర్పించింది. సెలవుల్లో రోజూ పొద్దున మహేందర్ ఎల్బీనగర్ దాకా ఆటోలో దింపితే యాదలక్ష్మి కూర్చోబెట్టుకుని చదివించింది. పిల్ల ఇప్పుడు పాఠం ఆగి ఆగి అయినా తనంతట తను చదువుతుంది. ఇంగ్లిషు ఇంకా తడబడుతుంది.

యాదలక్ష్మి మూసారాంబాగ్‌లో మరో స్కూల్లో చేరింది. ఉద్యోగం పోయినప్పుడు జగన్ ఆమెను తప్పుపట్టలేదు. కొత్త స్కూలు బాగానే ఉంది, జీతం కూడా వేళకిస్తారు. అయినా ఆమె కోపం తగ్గకపోవడం చూసి ఒక సాయంత్రం టీ తాగుతూ అడిగాడు.

“గా బిళ్లలు తీసేసిండ్రు. గా పిల్ల చదువుతున్నది. ఇంక దేనికి లక్ష్మీ పరేషాన్?”

“ఒక్క భావనకు నోరున్న తల్లి ఉన్నది,” అంది ఆమె. “గదిల మిగిలినోళ్లు చదువు రాకుంటనే పై క్లాసుకు పోయిండ్రు. వాళ్లింక తమ మెదడు గట్లనే ఉంటదనే అనుకుంటున్నరు. బిళ్ల తీసేసిండ్రు గని, గా మాట ఎవ్వలు వాపస్ తీసుకోలే.”

జగన్ టీ తాగడం ఆపి, “వాళ్ల ఇండ్లు తెలుసా నీకు?” అన్నాడు.

“కొన్ని తెలుసు.”

“ఆదివారం బండి మీద పోదాం పా,” అన్నాడు.

యాదలక్ష్మి తలూపింది. కానీ కోపం మాత్రం అలాగే ఉంది, అది పోవాలని ఆమె కోరుకోవడమూ లేదు.