పార్టిషన్లన్నీ తీసేసిన రోజు

20-6-2004, ఆదివారం. కంబదూరు. వాన లేదు, ఒక మబ్బు వచ్చి చూసిపోయింది.

హాజరైనవారు: నేను, రిటైర్డు సర్వేయరు. కళ్యాణదుర్గంలో కంప్యూటర్ సెంటరు నడిపే మహబూబ్ బాషా. అతను తెచ్చిన లినక్స్ సీడీలు. గోడకవతల నా తమ్ముడు నారాయణప్ప. మాటల్లేవు కనుక హాజరు వేయలేదు. నా భార్య లక్ష్మక్క. ఆమె పోయి ఏడాది దాటింది. అయినా హాజరే. ఎట్లన్నది చెప్తాను.

ఆనాటి డైరీలో ఇంతవరకే అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఆ తర్వాతవన్నీ గాలివానకు ఒరిగిన జొన్నచేను. సర్వీసంతా సర్వే గొలుసు లాగి ఊరి పొలాలన్నీ గజం తేడా రాకుండా పంచినవాడు, మూరెడు కంప్యూటరు డబ్బాలో కొంప ఎట్లా ముంచుకున్నాడో వినండి. నవ్వొస్తే నవ్వండి. నాకు ఆ నవ్వు రావడానికి చాలా కాలం పట్టింది.

ముందు గోడ సంగతి చెప్పాలి. మా నాయన పోయాక అన్నదమ్ములం పార్టిషన్ చేసుకున్నాం. చేను తెగింది, ఇల్లు తెగింది, బావి దగ్గర గొలుసు ఆగింది. నీళ్ళున్న రోజుల్లో ఎవరికీ పట్టని బావి, ఎండిపోయాక ఇద్దరికీ ప్రాణమైంది. చెంబెడు నీళ్ళు లేని బావి కోసం మాటలు మానుకున్నాం. ఇంటి నడిమిన గోడ లేచి పెరటిదాకా పోయింది.

ఆ గోడను లెక్కచేయనిది లక్ష్మక్క ఒక్కతే. నారాయణప్పకు పెళ్ళీ పెటాకులూ లేవు. రోజూ పొద్దున్నే పెరటిగోడ మీద వాడికొక గిన్నె పెట్టి కేకేసేది. నేను చూడనట్టు పేపరు చదివేవాణ్ణి. తలకిందులుగా పట్టుకున్నానని ఒకసారి ఆమే చెప్పింది.

రిటైరయ్యాక కంప్యూటరు కొన్నాను. దాన్ని బిగించడానికి వచ్చిన బాషా, గొంతు రికార్డు చేసి చూపిస్తానని మైకు ఆమె ముందర పెట్టాడు. "అమ్మా, ఏమన్నా మాట్లాడండి."

ఆమె ముందు అతన్నీ, తర్వాత నన్నూ, ఆపైన గోడకవతలి మరిదినీ, అవతలి చేనులో ఉన్నవాళ్ళను పిలిచినట్టు అరిచింది. "ఏం మాట్లాడల్ల నాయనా? ఈ డబ్బాకు చెవులుండాయా? ఇదో, దాని ముందర్నుంచి లేసి రాకూడదా, ఉగ్గాని సల్లారిపోతాంది! నారాయణా! గోడ మింద గిన్నె పెట్టినా, కాకి తినకముందే తీసుకో!"

అంతే. ఆమె గొంతు నాకు మిగిలింది అంతే. ఆమె పోయాక రోజూ పొద్దున కాఫీ కలుపుకుని, కంప్యూటరు ముందు కూర్చుని, ఆ కేక వినేవాణ్ణి. నాకు కాస్త చెవుడు. స్పీకర్లు రెండూ గట్టిగా పెట్టుకునేవాణ్ణి.

ఇంతలో ఎవరి ఫ్లాపీలోంచి వచ్చిందో, డబ్బాకు వైరస్ పట్టింది. లక్ష్మక్క "నారా... నారా..." అని నత్తి మొదలుపెట్టింది. బాషాను పిలిపించాను.

"డబ్బాను నడిపే ప్రోగ్రాం మార్చి లినక్స్ వేద్దాం సార్. దీనికి వైరస్ల బాధ ఉండదు. దుడ్లు కట్టే పని లేదు. ఒకరి సొత్తు కాదు, అందరిదీ."

"అందరిదీ అంటే పోరంబోకా?"

"పోరంబోకే సార్. కానీ మంచి పోరంబోకు."

"మరి మా ఆమె గొంతు?"

"డబ్బాలో సీ, డీ అని రెండు అరలు సార్. అది డీ లో ఉండాది. మనం సీ లో వేస్తాం. డీ జోలికే పోము."

"దేనికైనా మంచిది, ఫ్లాపీలోకి ఎక్కించు."

"పట్టదు సార్. అమ్మ గొంతు పెద్దది."

"అది నాకు తెలీదేమప్పా!"

సీడీ పెట్టగానే పండగ కాదని మాకెవరూ చెప్పలేదు. అది గిర్రున తిరుగుతుండగానే మధ్యాహ్నం నమాజు వేళయింది.

"సార్, మసీదుకు పోయొస్తా. పార్టిషన్ అని వస్తే మాత్రం ముట్టొద్దండి."

"పార్టిషన్ గురించి నాకే చెప్తావా? నువ్వు పుట్టకముందు నుంచి చేస్తాండా."

"అందుకే చెప్తాండా సార్."

అతను సందు తిరిగాడో లేదో, తెర మీద ఇంగ్లీషులో అక్షరాలు పడ్డాయి. రిమూవ్ ఆల్ పార్టిషన్స్. పార్టిషన్లన్నీ తీసివేయి.

నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. సర్వీసంతా ప్రతి అర్జీలోనూ పంచమన్నవాళ్ళే. తీసేద్దామా అని అడిగింది ఈ డబ్బా ఒక్కటే. సీ కీ డీ కీ మధ్య గోడ ఉంది కాబోలు, అది తీస్తే రెండూ కలిసి మా నాయన కాలంనాటి ఇల్లంత అవుతాయి కాబోలు అనుకున్నాను. గోడ తీస్తారు గానీ ఇంట్లో మనుషులను తీసేస్తారని ఏ సర్వేయరు అనుకుంటాడు చెప్పండి?

నిశ్చయమేనా అని అడిగింది. తాలూకా ఆఫీసులో పనిచేసినవాణ్ణి, రెండుసార్లు అడిగితేనే అది ప్రభుత్వ పద్ధతి. అవునన్నాను. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టు అంటారు. మాకు గోదారి లేదు, పెన్నలో నీళ్ళు లేవు. నేను మౌసు తోక పట్టుకుని ఈదాను, ఎండిన చోటే మునిగాను.

బాషా వచ్చి తెర చూశాడు. "ఏం నొక్కినారు సార్?"

"గోడ తీసేసినా."

టోపీ తీయకుండానే నేలమీద కూలబడ్డాడు. "గోడ కాదు సార్. ఇల్లే తీసేసినారు."

"డీ?"

"డీ లేదు. ఇప్పుడంతా ఒకటే."

"మంచిదే కదప్పా."

"ఒకటే సార్. దాంట్లో ఏమీ లేదు."

పొద్దు గుంకేదాకా ఏవేవో తిప్పలు పడ్డాడు. దొరకలేదు. పోయేటప్పుడు నా మొహం చూడలేక కంప్యూటరుకు నమస్కారం పెట్టిపోయాడు. లినక్స్ మాత్రం మేపిన కోడెలా పరుగెత్తింది. పరుగెత్తి తెచ్చేందుకే ఏమీ లేదు.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ కాఫీ కలుపుకుని డబ్బా ముందు కూర్చున్నాను. స్విచ్చి వేయలేదు. వీధి తలుపు చప్పుడైంది.

తీస్తే నారాయణప్ప. గోడ లేచాక వాడు నా గడప తొక్కింది లేదు, వదిన పోయిన రోజు తప్ప. చేతిలో ఖాళీ గిన్నె, ఆమె గోడ మీద పెట్టేదే.

"ఏమన్నా, ఈ పొద్దు వదిన పిలవలేదే?"

అప్పటిగ్గానీ నాకు తెలియలేదు, నా స్పీకర్లు గోడకవతల కూడా ఒకరిని నిద్రలేపుతున్నాయని.

జరిగింది చెప్పాను. వాడు చివరిదాకా విన్నాడు.

"పార్టిషన్లన్నీ తీసేయమన్నావా? నువ్వా?"

"నేనే."

"బావిది కూడానా?"

ముందు నవ్వింది నేనే. తర్వాత కాసేపు ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. వాడు అరుగు మీద కూర్చుని, గొంతు సవరించుకుని, అచ్చం ఆమె లాగినట్టే లాగి అన్నాడు. "నారాయణా! గోడ మింద గిన్నె పెట్టినా, కాకి తినకముందే తీసుకో!"

ఒక్క మాట పొల్లు పోలేదు. గోడమీది కాకి నిజంగానే ఎగిరిపోయింది.

"దానికి ముందుది కూడా చెప్పురా. డబ్బా ముందర్నుంచి లేసి రమ్మనేది."

"అది నీ భాగం అన్నా. నువ్వే చెప్పల్ల."

చెప్పబోయాను. "ఇదో" దగ్గరే ఆగిపోయింది.

లేచి వంటింట్లోకి పోయి, బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. ఉప్పు మరిచాను. నారాయణప్ప గిన్నె ఖాళీ చేసి మళ్ళీ చాపాడు.

కాబట్టి సకల జనులకూ తెలియజేయడమేమనగా, ఇంగ్లీషు చదవడం వచ్చు కదా అని కంప్యూటరు ముందు కూర్చుని ఇకమీదట నేను ఏ గోడా తీయను. తీయాల్సిన గోడ ఏదైనా ఉంటే గడ్డపారతోనే తీస్తాను. ఇందుకు సాక్షి నా తమ్ముడు నారాయణప్ప. గడ్డపార కూడా వాడిదే.