మస్తానన్న పేరు తీసిన రాత్రి

మా పిల్లల మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నమ్మకపోతే మీ ఇష్టం.

మస్తానన్న, నేను కలిసి ఒక కారు కొన్నాం. ఉదయగిరి, ఆత్మకూరు, నెల్లూరు బాడుగలకు తిప్పేవాళ్లం. పగలు ఆయన, రాత్రి నేను. జేబులో ఫోన్‌ను బట్టి ఎవరు ఎక్కారో గుర్తుపట్టే కారు అది. ఆయన ఆరడుగుల మనిషి, నేను పొట్టివాడిని. ఆయన ఎక్కితే సీటు జుయ్‌మని వెనక్కి, నేను ఎక్కితే ముందుకు.

"స్టీరింగ్ కరుచుకోని నడపతావేందిరా శీనా" అని బండి చేతులు మారేటప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. ఆ మాట కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది.

పోయినేడు గుండెపోటుతో పోయాడు. ఒంటరిగా తిప్పలేక కారును సంగం ఊరి మనిషికి అమ్మేశాను. తెల్లారితే అప్పగించాలి. కారు తెరలో అన్న పేరు అలాగే ఉంది... ఇల్లు, వదిన నంబరు, తిరిగిన దోవలు, అన్నీ.

"పరాయోళ్లకి మా గుట్టంతా ఎందుకు శీనా? తీసేసి ఇయ్యి" అంది వదిన, కళ్లు తుడుచుకుంటూ.

తీయడం అంత సులువా? ఎవరి పేరు పోవాలన్నా వాళ్ల ఫోన్ నుంచే అనుమతి రావాలి. మన వివరాలు ఇంకొకడు ముట్టుకోకుండా పెట్టిన కాపలా అది. ఆ ఫోనేమో అన్న పడ్డప్పుడే పగిలి, వదిన ట్రంకుపెట్టెలో ఉంది.

ఆ రాత్రి ఆత్మకూరు నుంచి వస్తూ, అన్న రోజూ టీ తాగే చోట ఆపాను. కొట్టు మూసి ఉంది. ఆఖరిసారి చూద్దామని ఆయన పేరు మీద నొక్కి, తీసేయమన్నాను.

'మస్తాన్ అనుమతి కోసం ఎదురుచూస్తున్నాం.'

తెర మీద చుక్క గిర్రున తిరుగుతోంది... తిరుగుతోంది...

"అన్నా... రేపు బండి పోతాది. నువ్వే చెప్పాల" అన్నాను పైకే, పిచ్చివాడిలా.

కీచురాళ్ల రొద ఆగిపోయింది.

జుయ్...

సీటు కదిలింది. వెనక్కి... మెల్లగా... నా కాళ్లు పెడళ్లను వదిలేశాయి. పక్క అద్దం తిరిగింది. ఆయన కంటి ఎత్తుకి.

'నమస్తే మస్తాన్.'

భయమేసింది, అబద్ధమెందుకు? కానీ అంతకంటే ముందు ఏడుపొచ్చింది.

చుక్క ఆగింది. 'అనుమతి లభించింది.'

పేరు పోయింది. సీటు ముందుకు జరుపుకోవడానికి మనసు రాలేదు. అంచున కూర్చునే ఉదయగిరి దాకా నడిపాను.

పొద్దున్నే సంగతి చెబితే, ఫోను చూద్దామని వదిన పెట్టె తెరిచింది. "ఫోనుకి చుట్టిన గుడ్డ చుట్టినట్టే ఉండాది శీనా. తాళం నా కొంగునే ఉండాదే!"

మెకానిక్ ఏదో లోపం అన్నాడు. కావచ్చు. మరి నేను అడిగేదాకా ఎందుకు ఆగింది? నాకు తెలియదు.

ఒకటే బాధ. పోయేముందు ఒక్కసారి నన్ను ఎగతాళి చేసి ఉంటే బాగుండేది.